హార్ప్సికార్డుపై హిందూస్థానీ గీతములు

సాహిత్యము మరుగుపడుటకును సంగీతము మరుగుపడుటకును భేదము కలదు. తాళపత్రములపై నున్న కావ్యము మూడువందల యేండ్లు పెట్టెలో పడియుండినను, చదువనేర్చిన వాడొకడు కట్టు విప్పినంతనే అది మరల కావ్యమగును. స్వరలిపిలో నున్న సంగీతము అట్టిది కాదు. దానిని కంటితో చదువగల పండితు డున్నను, అది యే వాద్యమునకై పుట్టినదో ఆ వాద్యమును, దానిని వాయింపగల చేతులును, ఆ నాదమునకు అలవడిన చెవులును లేనిచో ఆ కాగితము సంగీతమునకు ఆనవాలు మాత్రమే యగును. ఇట్లు ఆనవాలుగా మిగిలిన సంగీతము మరల నాదమగుటకు ఇరువదవ శతాబ్దమున తోడ్పడిన సాధనములలో ధ్వనిముద్రణము ముఖ్యమైనది. అది తెచ్చిపెట్టినది యేమి, తేలేకపోయినది యేమి యను ప్రశ్న సంగీతజ్ఞుల కెంతయో అనువాదకులకును అంతయే సంబంధించినది.

ఐరోపాలో పదునెనిమిదవ శతాబ్దపు మీటల వాద్యములకు పట్టిన గతి ఇందుకు తార్కాణము. ఆ కాలమున ధనికుల గృహములందును రాజాస్థానములందును ప్రధానముగా వినవచ్చినది హార్ప్సికార్డు. చూపునకు పియానోవలె నుండినను దాని స్వభావము వేరు. మీటను నొక్కినంతనే లోపల నొక సన్నని కొయ్యపలక పైకి లేచును. దానికి అమర్చిన పక్షియీక ములుకు తీగను మీటి విడుచును. వైణికుని గోరు చేయు పనిని ఇచట ఈక చేయునన్నమాట. గట్టిగా నొక్కినందువలన నాదము హెచ్చదు. మెల్లగా నొక్కినందువలన తగ్గదు. 1700 ప్రాంతమున ఫ్లారెన్సు నగరములో క్రిస్టోఫొరి యను శిల్పి తీగను సుత్తితో కొట్టు వాద్యము నొకదానిని కల్పించెను. వ్రేలి బలమునుబట్టి నాదము హెచ్చుతగ్గులు పొందు ఆ పియానో, శతాబ్దము ముగియు నప్పటికి, హార్ప్సికార్డును ఇండ్లనుండి తరిమివేసెను. వాద్యముతోపాటు దానికై వ్రాసిన సంగీతములో హెచ్చుభాగము వాడుక తప్పిపోయెను.

దొమెనికో స్కార్లాటి కథను చూచినచో ఈ విషయము తేటపడును. 1685లో నేపుల్సున పుట్టి, పోర్చుగలు రాజకుమారి మరియా బార్బరాకు సంగీతాచార్యుడై, ఆమె స్పెయినునకు కోడలై పోవగా తానును వెంట నరిగి, 1757లో మాడ్రిడ్డున కన్నుమూసిన ఈ విద్వాంసుడు ఐదువందల యేబదికి పైగా సొనాటాలు రచించెను. ఆయన తన పర్యవేక్షణమున అచ్చువేయించినవి 1738 నాటి ముప్పది మాత్రమే. తక్కినవి రాణికొరకు వ్రాయించిన ప్రతులలో నిలిచి, తుదకు వెనిసు, పార్మా గ్రంథాలయములు చేరెను. ఇరువదవ శతాబ్దపు మొదటి దశకమున అలెస్సాండ్రో లాంగో వీనిని పియానో వాయించువారికై ప్రకటించుచు, తన చెవికి అపస్వరములుగా తోచిన చోట్ల దిద్దుబాటులు చేసెను. పియానోపై అవి నిజముగా కర్కశములే. కాని వాండా లాండోవ్‌స్కా 1930వ దశకమున హార్ప్సికార్డుపై వాయించి రికార్డులు వెలువరించిన పిమ్మట, రాల్ఫ్ కిర్క్‌పాట్రిక్ 1953లో స్కార్లాటి చరిత్రమును, రచనల పట్టికను ప్రకటించిన పిమ్మట, ఆ 'అపస్వరముల' అర్థము తేటపడెను. ఒకేసారి గుంపుగా మీటబడిన ఆ స్వరములు స్పెయినుదేశపు గిటారును తలపించునవి. లాంగో దిద్దినది తప్పును కాదు, తనకు తెలియని యొక పలుకుబడిని.

1984-85 సంవత్సరములలో స్కాట్ రాస్ అను వాద్యకారుడు స్కార్లాటి సొనాటాలు 555ను ఒక్కచేతిమీదుగా ధ్వనిముద్రణము చేసెను. అవి 34 డిస్కులుగా వెలువడినవి. ముప్పదింటిని మాత్రము విన్నవారికి స్కార్లాటి చమత్కారి. అన్నింటిని విన్నవారికి ఆయన ఒక దేశపు వీధులను, నాట్యములను, గంటల మ్రోతలను చెవులార విని మీటలపై కెక్కించిన ద్రష్ట. రికార్డు చేసిన మేలు ఇట్టిది. విడివిడిగా నున్నప్పుడు విచిత్రముగా తోచినది, అంతయు నొక్కచోట చేరినప్పుడు ఒక భాషగా వినవచ్చును.

ఇదే శతాబ్దమున, ఇదే వాద్యమునకై, మన దేశముననే అచ్చయిన యొక గ్రంథమునకు ఇంతటి యదృష్టము చాలకాలము పట్టలేదు. 1789లో కలకత్తా నగరమున విలియం హామిల్టన్ బర్డ్ అను సంగీతకారుడు 'ది ఓరియంటల్ మిసెలెనీ' అను పేర ముప్పది హిందూస్థానీ గీతముల మట్లను హార్ప్సికార్డున కనువుగా కూర్చి ప్రకటించెను. వానితోపాటు ఈ మట్ల నాధారముగా చేసికొని అల్లిన యొక సొనాటా కూడ అందు చేర్చెను. గ్రంథము వారెన్ హేస్టింగ్సు కంకితము. ఆ గవర్నరు జనరలు అప్పటికి స్వదేశమునకు మరలిపోయి, 1788 మొదలు పార్లమెంటు ఎదుట విచారణ నెదుర్కొనుచుండెను. రాజ్యము సంపాదించిన విధమును లండనులో తప్పుపట్టుచున్న దినములలో, ఆ రాజ్యమునుండి ఏరిన పాటలు కలకత్తాలో ఆయన పేరుమీద అచ్చగుట గమనింపదగినది.

ఈ గ్రంథము మరుగుపడుటకు కారణము స్కార్లాటి విషయమున వలె వాద్యము మారుట యొక్కటియే కాదు. ఇది ఎవ్వరి సొత్తును కాకపోయినది. ఐరోపా సంగీతచరిత్రకారులకు ఇది వలసలోని దొరసానుల పొద్దుపుచ్చు వినోదము. భారతీయ సంగీత శాస్త్రజ్ఞులకు ఇది మన రాగములకు పట్టిన అంగవైకల్యము. ఇరువురి తీర్పులోను కొంత నిజము కలదు. అయినను ఇరువురును చెవి యొగ్గకయే తీర్పు చెప్పిరి. 1997లో గెరీ ఫారెల్, 2000లో ఇయన్ వుడ్‌ఫీల్డ్ తమ గ్రంథములలో ఈ కాలపు ఆంగ్ల-భారతీయ సంగీత సంబంధములను సవిస్తరముగా పరిశీలించిన తరువాత పండితులలో దీనికి గౌరవము కలిగినది. 2015లో జేన్ చాప్‌మన్ అను హార్ప్సికార్డు విద్వాంసురాలు ఈ గీతములను ధ్వనిముద్రణము చేసి వెలువరించిన పిదప పండితులు కానివారికిని వినవచ్చినది. ఆమె వాయించినది లండనులోని హార్నిమన్ మ్యూజియమున నున్న 1772 నాటి కిర్క్‌మన్ హార్ప్సికార్డు. బర్డు గ్రంథము అచ్చగుటకు పదునేడేండ్లు ముందు తయారైన వాద్యమది.

ఈ గీతములు పుట్టిన పరిసరమును తెలిసికొననిదే వాని విలువ తెలియదు. 1775లో నవాబు ఆసఫుద్దౌలా తన రాజధానిని ఫైజాబాదునుండి లక్నోకు మార్చెను. ఢిల్లీ పాదుషాల ప్రాభవ మడుగంటగా కవులును గాయకులును ఆ నూతన రాజధాని త్రోవ పట్టిరి. సౌదా తన కడపటి దినములు అచట గడపి 1781లో మృతినొందెను. మరుసటి యేడు మీర్ తకీ మీర్ అచటికి చేరెను. టప్పా యను గానరీతికి ప్రాణము పోసినవాడని ప్రసిద్ధికెక్కిన షోరీ మియా పేరు ఆ నగరముతోడనే ముడిపడి యున్నది. కంపెనీ ఉద్యోగులును వారి కుటుంబములును లక్నో, కాశి, కలకత్తాల నడుమ తిరుగుచు ఈ గానమును నాచ్ సభలలో వినుచుండిరి.

వినినవారిలో కొందరు స్త్రీలు వినుటతో తృప్తినొందలేదు. మార్గరెట్ ఫౌక్ అను నామె గాయకులను పిలిపించుకొని వారి పాటలను స్వరలిపిలో వ్రాసికొని, కొన్నింటిని హేస్టింగ్సునకు పంపెను. ఆమె సోదరుడు ఫ్రాన్సిస్ ఫౌక్ కాశిలో కంపెనీ రెసిడెంటు. అతడు బీన్ వాద్యమునుగూర్చి వ్రాసిన లేఖ 1788లో ఆసియాటిక్ సొసైటీ పరిశోధనల మొదటి సంపుటమున అచ్చయినది. స్వరాంతరముల విషయమున అతడు తన చెవిని నమ్మలేదు. బీనును హార్ప్సికార్డుతో శ్రుతి కలిపించి, రెండు వాద్యములను స్వరము వెంబడి స్వరముగా సరిపోల్చి చూచితినని అతడు చెప్పుకొనెను. ఆ నిజాయితీ మెచ్చదగినది. కాని ఆ పరీక్షలో నున్న చిక్కు అతనికి తట్టలేదు. బీనును ముందుగా హార్ప్సికార్డు శ్రుతికి తెచ్చి, పిమ్మట రెండును ఒక్కటిగా నున్నవా యని చూచినచో, ఒక్కటిగానే యుండును. తూకపురాతికి సరిపడునట్లు వస్తువును చెక్కి, బరువు సరిపోయినదని సంతసించుట వంటి దది.

అదే సంపుటముల పరంపరలో సర్ విలియం జోన్సు హిందువుల స్వరరీతులనుగూర్చి ప్రకటించిన వ్యాసము కలదు. 1784లో వ్రాసి, పెంచి, 1792లో అచ్చువేయించిన ఆ వ్యాసమున జోన్సు ప్రధానముగా సంస్కృత గ్రంథముల నాశ్రయించెను. ఆంధ్రుడని పండితులు తలచెడి సోమనాథుడు 1609లో రచించిన రాగవిబోధ మాతని కత్యంత ప్రీతిపాత్రము. జోన్సు గ్రంథములను నమ్మెను. ఈ స్త్రీలు గాయకురాండ్ర కంఠములను నమ్మిరి. జోన్సు పేరు చరిత్రలో నిలిచినది. ఆ స్త్రీల వ్రాతప్రతులు కుటుంబపు కాగితములలో కలిసిపోయినవి. కాని ఆనాడు లక్నోలో నిజముగా ఏమి పాడుచుండిరో తెలిసికొనదలచిన వారికి నేడు జోన్సు వ్యాసముకంటె ఆ కాగితములే యెక్కువ అక్కరకు వచ్చుచున్నవి.

ఇక బర్డు చేసిన పని. అతడు తన గీతములను రేఖ్తా, తరానా, టప్పా, రాగిణి యని వేరుపరచెను. రేఖ్తాలు అతనికి నచ్చినవి. టప్పాలు అడవిపూలవలె వింతసొగసు గలవిగా తోచినవి. రాగిణులు అతని చేతికి చిక్కలేదు. అవి క్రమము లేనివని అతడు విసుగుకొనెను. హిందూస్థానీ సంగీతమున కాలప్రమాణము మిక్కిలి కొఱవడినదనియు, ఈ పాటల నొక కొలతకు తెచ్చుటకు తాను చాల ప్రయాసపడితిననియు పీఠికలో చెప్పుకొనెను.

తాళము ప్రాణముగా గల సంగీతమునుగూర్చి ఇట్టి మాట వినినప్పుడు మనవారికి నవ్వు వచ్చుట సహజము. కాని నవ్వి ఊరకుండుట విమర్శ కాదు. బర్డు ఎదుట నున్న స్వరలిపి ప్రతి కొన్ని మాత్రలకును నిలువుగీత గీయుమని కోరును. అతనికి పరిచితములైనవి మూడు, నాలుగు మాత్రల గతులు. ఝప్ తాళపు పదిమాత్రలును, రూపకపు ఏడుమాత్రలును ఆ గీతల నడుమ ఇముడవు. తాళమున కతీతముగా విస్తరించు ఆలాపము అసలే యిముడదు. తన కొలబద్దలో ఒదుగని దానికి కొలతయే లేదని అతడు నిశ్చయించుకొనెను.

అనువాదకుల కిది పాతకథ. తులసీదాసు చౌపాయీని తెలుగు ద్విపదలోనికి తెచ్చు నతని స్థితిని తలచుకొనుడు. చౌపాయీ పాదమునకు పదునారు మాత్రలు, చివర అంత్యప్రాసము. ద్విపదకు పాదమున మూడు ఇంద్రగణములును ఒక సూర్యగణమును. మూడవ గణము మొదట యతి. రెండవ యక్షరమున ప్రాస. అనువాదకుడు మూలమున లేని యతిని తెచ్చి పెట్టవలెను. మూలమున నున్న అంత్యప్రాసను వదలుకొనవలెను. అట్లు చేసిన పిదప అతడు పీఠికలో తులసీదాసునకు యతి తెలియదని వ్రాసినచో ఏమందుము? బర్డు వ్రాసినది అట్టి వాక్యమే. తప్పు అతని ద్విపదలో లేదు, పీఠికలో నున్నది. ఒక భాషలోనికి తెచ్చినప్పుడు మూలము కోల్పోయిన దానిని మూలమునకే లోపముగా చెప్పుట అనువాదకు డెన్నడును చేయరాని పని.

బర్డు కూర్పులో మూలము కోల్పోయినవి మూడు. మొదటిది గమకము. హార్ప్సికార్డు తీగను ఈక మీటును గాని, మీటిన తీగను వ్రేలు లాగలేదు. బీను వాయించువాడు తీగను ప్రక్కకు లాగి ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారు మీండు ఇచట సాధ్యము కాదు. టప్పాలోని వడివడి తానములు విడివిడి స్వరముల అలంకారములుగా మారిపోవును. రెండవది రాగభావము. బర్డు ప్రతి మట్టునకును ఎడమచేతి ఆధారస్వరములను చేర్చెను. ఒక్క షడ్జమునే నిలుపుకొని దానిచుట్టు తిరుగు గానము, ఆధారస్వరములు మారినకొలది తానును దిక్కు మార్చుకొనవలసి వచ్చును. రాగము పోయి పాశ్చాత్యుల మేజరు మైనరు శ్రుతిభేదములలో నొకటి మిగులును. మూడవది సాహిత్యము. బర్డు గ్రంథమున మాటలు లేవు. గీతము పేరుగా మొదటి పలుకులు మాత్రము ఆంగ్లలిపిలో, ఐరోపావాని చెవికి వినవచ్చిన తీరున, నిలిచినవి.

ఈ మూడవ నష్టమే అన్నింటికంటె పెద్దది. రేఖ్తా యనునది మట్టు పేరు కాదు. అది భాష పేరు, కవిత పేరు. పారసీక పదములును దేశభాషా పదములును కలగలిసిన ఆ కావ్యభాషకు తొలుదొలుత దక్షిణాపథమున, గోలకొండ, బిజాపురము ఆస్థానములలో దక్కనీ రూపమున పోషణ లభించినది. ఔరంగాబాదువాడైన వలీ 1700లో ఢిల్లీకి పోయినప్పుడు ఉత్తరాది కవులు అందలి సొగసు గ్రహించిరని ప్రసిద్ధి. మీరును సౌదాయును దానిని శిఖరమున నిలిపిరి. అట్టి కవితకు పాట యొక వాహనము. వాహనమును మాత్రము కలకత్తాకు తోలుకొనివచ్చి, అందెక్కిన వానిని త్రోవలో దించివేసినట్లయినది. బర్డు గీతములలో 'తాజా బ తాజా' అని లోకమున వ్యవహరింపబడునదియు, హాఫిజు పేర ప్రచారమున నున్నదియు నగు పారసీక గజలు మట్టు కలదు. ఆ పదముల నెరిగిన శ్రోత ఆ మట్టు వినుచున్నప్పుడు మనస్సులో తానే వానిని పలుకుకొనును. ఎరుగని శ్రోతకు అది చక్కని యొక మెన్యువెట్టువంటి నాట్యగతి మాత్రమే.

ఇంతటి నష్టము జరిగిన పిదప ధ్వనిముద్రణము తెచ్చిపెట్టిన దేమి? చిత్రముగా, మొదట లభించినది ఆ నష్టముల స్పష్టమైన యెరుకయే. పుస్తకమును చూచుచున్నప్పుడు కుడిచేతి మట్టును ఎడమచేతి ఆధారమును ఒక్క పుటలో ఒక్క మసితో అచ్చయి, ఒక్కరి రచనవలె కనబడును. వాయించినప్పుడు అవి రెండుగా విడిపోవును. మట్టు ఒక దిక్కునకు సాగదలచును. ఆధారస్వరములు దానిని వేరొక దిక్కునకు పిలుచును. కొన్నిచోట్ల మట్టు లొంగును. కొన్నిచోట్ల ముగియవలసిన తావున ముగియక, ఆధారమును వేచియుండునట్లు చేసి, తనకు నచ్చిన స్వరముపై నిలుచును. ఆ నిలుచుటలో లక్నో గాయకుని మొండితనము నేటికిని వినవచ్చును. మసి చెప్పని రహస్యమును తీగ చెప్పినది.

రెండవ లాభము నాదమునకు సంబంధించినది. ఈ గీతములనే పియానోపై వాయించినచో అవి నిజముగా ఆంగ్లేయుల గృహసంగీతములే. హార్ప్సికార్డు అట్లు కాదు. అది మీటబడు తీగ. మ్రోగినంతనే సన్నగిల్లు ఆ నాదము బీను, సితారు, వీణలను విన్న చెవికి పరాయిది కాదు. స్కార్లాటిలో గిటారును వినిపించిన వాద్యమే బర్డులో బీను నీడను వినిపించినది. ఫౌకు రెండు వాద్యములను ప్రక్కప్రక్కన నిలిపి సరిపోల్చుట వట్టి ప్రమాదము కాదనియు, ఆ రెంటికి నడుమ నొక చుట్టరికమును అతని చెవి పసికట్టెననియు ఇప్పుడు ఊహింపవచ్చును.

అయినను రికార్డు చేయలేని పని యొకటి కలదు. అది పోయిన మాటలను తిరిగి తేలేదు. ఆ పని చేయదగిన సామగ్రి మరియొక చోట నున్నది. సోఫియా ప్లౌడెన్ అను నామె 1787-88 ప్రాంతమున లక్నోలో నుండి, తాను వినిన పాటల మట్లను స్వరలిపిలోను, వాని సాహిత్యమును పారసీకలిపిలో వేరు పత్రములపైనను వ్రాయించి కూర్చుకొనెను. చిత్రములతో నలంకరింపబడిన ఆ పత్రములును, స్వరలిపి పుస్తకమును ఇప్పుడు కేంబ్రిడ్జి నగరమున ఫిట్జ్‌విలియం మ్యూజియములో నున్నవి. ఆమె దినచర్యయు నిలిచి యున్నది. బర్డు విడిచిన మాటలను ప్లౌడెన్ విడువలేదు. మునుషీలచేత వ్రాయించిన ఆ పత్రములవలన, మట్టునకును మాటకును గల సంబంధమును మరల కూర్చుటకు వీలు కలిగినది. కేథరిన్ స్కోఫీల్డ్ అను విదుషీమణి ఈ సామగ్రిని పరిశోధించుటయే గాక, చాప్‌మన్‌తో కలిసి పనిచేసి, పండితుని బల్లకును వాద్యకారుని పీఠమునకును నడుమ నుండిన దూరమును తగ్గించెను. 2023లో వెలువడిన ఆమె గ్రంథము కడపటి మొగలుల కాలపు గాయకుల చరిత్రలో ఈ పాటలకు తగిన స్థానమును చూపినది.

ఆ పరిశోధనమువలన వెలుగునకు వచ్చిన పేరు ఖానం జాన్. ఆమె కాశ్మీరు గాయకురాలు. కాన్పూరు దండులోను లక్నో ఆస్థానమునందును 1780వ దశకమున మిక్కిలి ప్రసిద్ధి గాంచినది. ప్లౌడెన్ ఆమె గానమును విని, మెచ్చి, ఆమె పాటలను సేకరించెను. ఇట్లు పేరు తెలిసినవారు కొలదిమంది. ఒక్కొక్క మట్టు వెనుకను ఒక కంఠము, ఒక సారంగి, ఒక తబలా, తరతరముల యొక గురుపరంపర ఉండి యుండవలెను. బర్డు ముఖపత్రమున వారి పేర్లు లేవు. గీతములు హిందూస్థానమువనియు, కూర్చినది తాననియు అతడు వ్రాసికొనెను. అందు అబద్ధము లేదు. కాని 'హిందూస్థానము' పాటలు పాడదు, మనుష్యులు పాడుదురు. దేశము పేరు చెప్పి మనిషి పేరు దాటవేయుట ఆ కాలపు సంకలనకర్తలకు వాడుక. మన జానపదగేయ సంకలనములలో నేటికిని ఆ వాడుక పూర్తిగా పోలేదు.

ఇదే కాలమున దక్షిణమున దీనికి వ్యతిరేకదిశలో నొక ప్రయత్నము జరిగినది. ముత్తుస్వామి దీక్షితులు మదరాసు సమీపమున మణలిలో నుండిన దినములలో ఆంగ్లేయుల బ్యాండు సంగీతమును వినెననియు, ఆ మట్లకు సంస్కృత సాహిత్యమును రచించెననియు సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. నొట్టుస్వరములని పేరుగన్న ఆ రచనలు హెచ్చుభాగము శంకరాభరణ స్వరములలో నడచును. ఆంగ్లేయుల రాజగీతపు మట్టున 'సంతతం పాహి మాం' పాడబడును. బర్డు మాటలను విడిచి మట్టును గైకొనెను. దీక్షితులును మాటలను విడిచి మట్టునే గైకొనిరి. కాని ఆ ఖాళీని తన దేవతలతో నింపిరి. బర్డు మట్టునకు క్రింద ఆధారము కట్టెను. దీక్షితులు పైన సాహిత్యమును నిలిపిరి. ఎవరికి ఏది లోపముగా తోచినదో వారు దానిని పూరించిరి.

ఒకరిది దోపిడి, మరియొకరిది సమన్వయము అని తేల్చుట సులభము. కాని న్యాయమైన భేదము వేరొకచోట నున్నది. దీక్షితుల నొట్టుస్వరములు శిష్యుల నోళ్లలో నిలిచి, పిల్లల పాఠములై, అచ్చుతో పనిలేక నేటివరకు నడచి వచ్చినవి. బర్డు గీతములు అచ్చులో నిలిచి, నోళ్లను కోల్పోయినవి. పరంపర గల దానికి రికార్డు ఒక జ్ఞాపిక. పరంపర తెగిన దానికి రికార్డు తప్ప వేరు ఊపిరి లేదు. అందువలననే బర్డు గీతముల విషయమున ధ్వనిముద్రణమునకు ఇంతటి ప్రాముఖ్యము కలిగినది. అందువలననే దాని బాధ్యతయు హెచ్చినది. ఒకే యొక్క రికార్డును విన్నవారు, అదియే ఆనాటి లక్నో గానమని భ్రమించుటకు వీలున్నది. అది లక్నో గానము కాదు. కలకత్తాలో నొక ఐరోపావాడు వినిన లక్నో గానమును, రెండువందల యిరువదియారేండ్ల పిమ్మట లండనులోని వాద్యమున మరల పలికించిన రూపము. ఈ మూడు పొరలను మరువక వినినప్పుడే దాని సత్యము దక్కును.

లాంగో దిద్దిన స్కార్లాటిని మరల దిద్దకుండ వినుటకు అర్ధశతాబ్ది పట్టినది. బర్డు దిద్దిన గాయకులను ఆ దిద్దుబాటు లేకుండ వినుట ఇక యెన్నటికిని సాధ్యము కాదు. వారి కంఠములు పోయినవి. సాధ్యమగునది మరియొకటి. ప్లౌడెన్ పత్రములలోని సాహిత్యమును చదువగల ఉర్దూ, పారసీక పండితులును, టప్పా తరానాలను నేటికిని పాడుచున్న హిందూస్థానీ గాయకులును, హార్ప్సికార్డు నెరిగిన వాద్యకారులును ఒక్కచోట కూర్చుండి, ఒక్కొక్క మట్టున కెదురుగా దాని మాటలను, దాని రాగమును, తెలిసినంతవరకు పాడినవారి పేరును నిలుపుట. అట్టి సంపుట మొకటి వెలువడి, దానికి నాగరీలిపిలోను తెలుగులిపిలోను పాఠములు సమకూరినచో, 1789 నాటి ఆ సన్నని పుస్తకము తొలిసారిగా తాను పుట్టిన దేశపు పాఠకుల చేతికి వచ్చినట్లగును. అంతవరకు ఈ రికార్డును వినువారు, గీతము ముగిసిన ప్రతిసారి వాద్యకారుని పేరును, కూర్చినవాని పేరును చదివిన పిమ్మట, మూడవ పేరు వ్రాయవలసిన తావు ఖాళీగా నున్నదని గుర్తుంచుకొనవలెను.